ముందు ఉన్నవి చెప్పమ్మా

మొన్న మా వీధి సంఘం సెక్రటరీ ఒక అర్జీ టైపు చేయించుకొచ్చాడు. "పిన్నిగారూ, అందరిలోకీ పెద్దవారు, మొదటి సంతకం మీదే" అన్నాడు. వీధి దీపాల గురించి, ఇంగ్లీషులో. కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఒక్క పేజీలో ఏడుచోట్ల, లేదు అనడానికి 'ల్యాక్' అని ఉంది. దీపాలు ల్యాక్, మురిక్కాలవలు ల్యాక్, పార్కు ల్యాక్, ఆఖరికి అధికారుల దయ కూడా ల్యాకే. నాకు నవ్వాగలేదు.

"ఏం పిన్నిగారూ, తప్పుందా?" అన్నాడు పాపం.

"తప్పులేం లేవు నాయనా. బళ్లారి కంటోన్మెంటులో ఒకాయన ఉండేవాడు. ఆయన చేతిలో పడుంటే దీన్ని నీచేతే చింపించేవాడు" అన్నాను.

సంతకం పెట్టకుండా చెప్పులేసుకుని బయల్దేరాను. దీపాలు పెట్టే వేళ. ఈ చివరినుంచి ఆ చివరికి అతన్ని నడిపించాను. స్తంభాలు పద్నాలుగు, వెలిగేవి తొమ్మిది. "ముందు ఆ తొమ్మిదీ వెలుగుతున్నాయని రాయి. తర్వాత అయిదు వెలగట్లేదని రాయి. పార్కు, మురిక్కాలవల సంగతి దీంట్లోంచి పీకెయ్యి. అప్పుడు రా, సంతకం పెడతాను" అన్నాను. ముసలమ్మకి చాదస్తం ఎక్కువైందనుకునే ఉంటాడు. అనుకోనీ. ఆ చాదస్తం నాకు అంటించినాయన పోయి చాలా ఏళ్లయింది.

ఆయన పేరు నాకు తెలుసు కానీ రాయను. బతికుండగా ఇంటిముందు పేరు బోర్డు కూడా పెట్టుకోలేదు. "పనుండేటోళ్లు ఎతుక్కుంటా వస్తారు, లేనోళ్లకి బోర్డెందుకు?" అనేవాడు. కంటోన్మెంటు స్టేషనుకి కాస్త ఎడంగా పెంకుటిల్లు. వసారాలో మడతకుర్చీ, ఎదురుగా బోర్లించిన చెక్కపెట్టె, దానిమీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక గుండ్రాయి. మిలిటరీ స్టోర్సులో గుమాస్తాగా చేసి వచ్చేశాడు. అక్కడే ఏదో పెట్టె చేతిమీద పడి కుడిచేతి చివరి రెండువేళ్లూ పోయాయి. మిగిలిన మూడింటితోనే ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు. ఎవరైనా అయ్యోపాపం అన్నారా, చెయ్యి మొహానికి అడ్డంగా ఎత్తి, "లేవు, నిజమే. రాసేదానికేమన్నా లోటుండాదా?" అని ఎదురడిగేవాడు.

అప్పటికి బళ్లారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్లయింది. ఆఫీసుల్లోకి మైసూరు వైపు నుంచి కొత్త అధికార్లు వస్తున్నారు. వాళ్లకి తెలుగు రాదు, మాబోటి వాళ్లకి కన్నడం రాయడం రాదు. అందుకని అర్జీ అంటే ఇంగ్లీషే. బళ్లారిలో అర్జీలు రాసేవాళ్లు బోలెడుమంది. దొరగారి పాదాలు, కన్నీళ్లు, పిల్లాజెల్లా, అన్నీ కలిపి పేజీన్నర దంచి ఇచ్చేవాళ్లు. ఈయన దగ్గర ఆ పప్పులుడకవు. ఏడుద్దామని సిద్ధపడి వచ్చినవాణ్ణి ముందు ఒకటే అడిగేవాడు. "మీకేమేముండాయో చెప్పు."

నేను కళ్లారా చూసిన ముచ్చట ఒకటి. బండ్రి నుంచి ఒకాయన వచ్చి, మా ఊరికి రోడ్డు లేదు, అదే రాయమన్నాడు.

"ఎట్లొస్తివప్పా?" అన్నాడు ఈయన.

"బస్సులో."

"బస్సు యాడికొస్తాది?"

"మా ఊరి ముందరికే వస్తాది."

"గాల్లో వస్తాదా?"

వసారాలో అందరం నవ్వాం. ఆయన మొహం చిన్నబోయింది. ఈయన మాత్రం నవ్వలేదు. "చూడప్పా, రోడ్డుండాది. గుంతలుండాయి. వానొస్తే ఎన్నిదినాలు బస్సు రాదో చెప్పు, అది రాస్తా. లేదు లేదని నువ్వు రాయిస్తే, అర్జీ చదివిన ఆఫీసరు కారులో వచ్చి రోడ్డు చూసుకోని పోతాడు. మళ్లా నువ్వు నిజం చెప్పినా నమ్మడు" అన్నాడు. అప్పుడే లోపల్నించి ఆయన భార్య గొంతు వినబడింది. "కాఫీపొడి అయిపోయింది. ఇది ఉత్త లేదా, లేకపోతే రోజు గడవని మీ ల్యాకా? మీరే తేల్చండి!" ఈయన వెంటనే చొక్కా తగిలించుకుని అంగడికి వెళ్లాడు.

మేం ఆయన దగ్గరికి వెళ్లింది నీళ్ల కోసం.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. కంపిలి వైపు ఎమ్మిగనూరు దగ్గర కాలవకింద పొలాలు కొనుక్కుని, నలభై చిల్లర ఇళ్లవాళ్లం ఒకచోట గుడిసెలేసుకున్నాం. అలాంటి ఊళ్లని అక్కడ క్యాంపు అంటారు. వరి బ్రహ్మాండంగా పండింది. తాగడానికి మాత్రం నీళ్లు లేవు. నల్లరేగడిలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. కాలవ పారినన్నాళ్లూ ఆ నీళ్లే పక్కన గుంటలోకి తిప్పుకుని తాగేవాళ్లం. ఎండాకాలం కాలవ కట్టేస్తే గుంట అడుగున నిలిచినవే గతి. గొడ్లూ అవే, మనుషులూ అవే. క్యాంపు పక్కన ఎర్రమట్టి మిట్ట ఉంది. అక్కడ బావి తవ్వితే తియ్యనీళ్లు పడతాయని నీళ్లు చూసేవాడు చెప్పాడు. కానీ ఆ మిట్ట సర్కారుది. పైగా లోపల రాయి, మందు పెట్టి పేల్చాలి. మావల్ల అయ్యేది కాదు.

క్యాంపులో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి దాకా చదివాను. అందుకని మా మామగారు నన్ను వెంటబెట్టుకుని బళ్లారి తీసుకెళ్లారు. "బాబాయిగారూ" అని మొదలుపెట్టాను. "బాబాయేంది? ఈడ చిన్నాయన అంటారు. అట్లను, నాకు చెవులకెక్కుతాది" అన్నాడు. ఆనాటినుంచీ నాకు ఆయన చిన్నాయనే.

మామగారు నీళ్ల బాధ మొదలెట్టబోతే మూడువేళ్ల చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు తిరిగాడు. "ముందు ఉన్నవి చెప్పమ్మా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. లేదు మొర్రో అని వస్తే ఉన్నవి చెప్పమంటాడేమిటీ మనిషి! అయినా చెప్పాను. పొలాలున్నాయి. ధాన్యం ఉంది. పాడి ఉంది. పనిచేసే మనుషులున్నారు. అన్నీ రాసుకున్నాడు.

"ఇప్పుడు లేనిది."

"తాగడానికి మంచినీళ్లు."

"ఇంకా?"

మామగారు బడి, ఆస్పత్రి, బస్సు అని వేళ్లు మడవడం మొదలెట్టారు. చిన్నాయన కలం కింద పెట్టేశాడు. "ల్యాక్ అని ఇంగ్లీషులో ఒక మాటుండాదప్పా. అందరూ లేదు అనేదానికి వాడతారు. ఉండాల్సింది, అది లేకుంటే బతుకు సాగనిది, దానికి వాడాల. పది వస్తువులకి వాడితే ఒక్కటీ రాదు. ఒకటి చెప్పండి."

"నీళ్లు" అన్నాను నేను, మామగారు నోరు తెరవకముందే.

చూడకుండా రాయడం ఆయనకి అలవాటు లేదు. మర్నాడు బస్సెక్కి వచ్చి, దిగినచోటినుంచి మూడు మైళ్లు ఎండలో నడిచి క్యాంపుకొచ్చాడు. మా అత్తగారు అరిటాకు వేసింది. "తర్వాత తింటా తల్లీ" అని గుంట దగ్గరికి పోయి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని ఒక గుక్క తాగాడు. తాగి, మా వైపు తిరిగాడు. "మీరంతా ఇదే తాగేదా?" అన్నాడు. తలూపాం. "చిన్నపిల్లోళ్లు గుడక?" అన్నాడు. నేను నోరు విప్పబోయాను. మా అత్తగారు నా జబ్బ పట్టుకుని నొక్కింది. ఊరుకున్నాను. ఆయన అది చూశాడు.

అర్జీ ఒక పేజీ కూడా లేదు. అందులో ఆ మాట ఒక్కచోటే ఉంది. నెల తిరక్కుండా ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది.

ఇక చూడండి మావాళ్ల సంబరం! ఇలాంటి పని మా కోస్తావాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే మాకు ఒళ్లు తెలియదు. గోడలకి సున్నం కొట్టారు. పందిరేశారు. గారెలు, పులిహోర, బొబ్బట్లు, గడ్డపెరుగు. కంపిలికి రెండు బళ్లు కట్టి, ఇత్తడి బిందెలతో నది నీళ్లు తెప్పించారు. పటికతో తేర్చి, ఏలకులు వేసి, కొత్త కుండల్లో పోసి, తడిగుడ్డలు చుట్టారు. గుంట కనబడకుండా దారికి అడ్డంగా గడ్డిబండి కూడా నిలబెట్టారు, చూస్తే ఆయనకి రోతగా ఉంటుందని! నేనేం తక్కువ తిన్నానా? ఆ కుండలకి తడిగుడ్డలు చుట్టింది నేనే.

ఆఫీసరు కడుపునిండా తిన్నాడు. రెండుసార్లు నీళ్లడిగాడు. "నీరు బహళ చెన్నాగిదె" అన్నాడు. నీళ్లు చాలా బాగున్నాయని మెచ్చుకున్నాడన్నమాట. మా అత్తగారు మురిసిపోయింది. ఎండ ముదిరిందని గుంటదాకా నడవకుండానే జీపెక్కి వెళ్లిపోయాడు. తర్వాత కాగితం వచ్చింది. క్యాంపు బాగా స్థిరపడింది, తాగునీరు సహా ఏ లోటూ కనబడలేదు, అర్జీ ముగించడమైనది. అది నేనే చదివి వినిపించాల్సొచ్చింది. చదువుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

మళ్లీ వసారా. చిన్నాయన కాగితం చదివాడు. ఏం పెట్టారో అడిగాడు. మామగారు గారెల దగ్గర్నుంచి ఏలకుల దాకా చెప్పారు. ఆయన కోపం చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"నేను లేదని రాసినా. మీరు ఉండాదని కుండలో పోసి ఇచ్చినారు! ఆయప్ప తప్పేముండాదప్పా? తాగినదే రాసినాడు. ఇట్లయితే నాదగ్గరికి రావద్దు. పోండి."

మామగారు లేచారు. నేను లేవలేదు. 

"చిన్నాయనా, నీ దగ్గర ఒకటి దాచాం" అన్నాను. "పోయిన ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు నా కొడుకు పోయాడు. ఆ గుంటనీళ్లే పట్టాం. రెండురోజులు వాంతులు, విరేచనాలు. కంపిలి తీసుకెళ్లేలోపే దారిలో పోయాడు. పరాయివాళ్లకి చెప్పుకోవడం నామోషీ అని మా ఇంట్లో నన్ను నోరెత్తనివ్వలేదు. ఇప్పుడు నాకు ఎనిమిది నెలల ఆడపిల్ల ఉంది. ఎండాకాలం మళ్లీ వస్తోంది."

మామగారు తల తిప్పుకున్నారు. భుజంమీద తుండుతో మొహం కప్పుకున్నారు.

చిన్నాయన కొత్తకాగితం తీశాడు. "పేరు?"

"రత్నం."

"ఎన్ని నెల్లు?"

"పద్దెనిమిది."

రాసి, కాగితం నా వైపు తిప్పాడు. పొలాలు, ధాన్యం, పాడి, అన్నీ మొదటిలాగే ఉన్నాయి. కింద ఒక్క వాక్యం కొత్తది. పోయిన వేసవిలో ఈ నీళ్లు తాగి రత్నం అనే పద్దెనిమిది నెలల పిల్లవాడు చనిపోయినాడు. అంతే. "ఇంకేమైనా పెట్టు చిన్నాయనా, ఘోరమనో, పాపమనో" అన్నాను.

"పేరుండాదమ్మా. చాలు" అన్నాడు. కలం మూసి, "ఈసారి ఆయప్ప వస్తే పందిరి లేదు, ఆకు లేదు, గారె లేదు. గుంటనీళ్లు ఒక గ్లాసు. నువ్వే ఇయ్యాల. నీచేత అయితాదా?" అన్నాడు.

"అవుతుంది" అన్నాను.

నోటితో అన్నంత తేలిక కాలేదు. క్యాంపులో పెద్ద రభస అయింది. "ఇంటికొచ్చినవాడికి బురదనీళ్లిస్తావుటే? మనం మనుషులమా, పశువులమా?" అని మా అత్తగారు అన్నం మానేసింది. మగవాళ్లు నన్ను చూసి మొహాలు తిప్పుకున్నారు. మా ఆయన ఎటూ చెప్పలేక పొలంలోనే ఉండిపోయాడు. ఆరోజు పొద్దున్నే లేచి, గడ్డిబండి నేనే పక్కకి లాగించాను. ఒక్క పొయ్యిమీద కూడా బాణలి పెట్టనివ్వలేదు. ఎవరేమన్నా పడ్డాను. నా పిల్ల నాక్కావాలి.

ఆఫీసరు అదే మనిషి. జీపు దిగి, పందిరి కోసం కాబోలు అటూఇటూ చూశాడు. నేను గుంటలో ముంచిన గాజుగ్లాసు పళ్లెంలో పెట్టుకుని ఎదురెళ్లాను. గ్లాసు అడుగున అంగుళం మందాన మన్ను. పైన సన్నటి పురుగులు కదులుతున్నాయి. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. సిగ్గుతో నాకు ప్రాణం పోతున్నట్టే ఉంది. అయినా చెయ్యి వెనక్కి తియ్యలేదు.

"ఇదన్నేనా కుడియోదు?" అన్నాడు. ఇదేనా తాగేది అని.

నాకు కన్నడం అప్పటికి కొంత వచ్చు. కానీ నెలనాళ్లుగా గిన్నెలు తోముతూ, పిల్లని జోకొడుతూ వల్లెవేసుకున్నది వేరే ఉంది. "వుయ్ డు నాట్ ల్యాక్ ఫుడ్, సార్. వుయ్ ల్యాక్ వాటర్" అన్నాను. తిండికి మాకు లోటు లేదు, నీళ్లకే లోటు. నా జన్మలో పరాయివాళ్లతో మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అది.

ఆయన గ్లాసు తీసుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్లి దింపేశాడు. జేబులోంచి అర్జీ తీసి కిందనున్న వాక్యం మళ్లీ చదువుకున్నాడు. "రత్నం?" అన్నాడు మెల్లిగా. నేను నా గుండెమీద చెయ్యి వేసుకున్నాను. ఆయన గ్లాసు పళ్లెంలో పెట్టాడు. తనే గుంటదాకా నడిచాడు. అక్కణ్ణించి మిట్టమీదికి వెళ్లి, కొలతలు వేయించి మరీ వెళ్లాడు.

కాలవ కట్టేయకముందే మిట్టమీద రాయి పేలింది. ఆ చప్పుడుకి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే నేను మాత్రం పిచ్చిదానిలా నవ్వుతున్నాను. ఇరవై అడుగుల లోపలే నీళ్లు పడ్డాయి, తియ్యగా. గట్టు కట్టి, గిలక బిగించిన రోజు చిన్నాయనకి కబురు పెట్టాం. వచ్చాడు. మా అత్తగారు ఎదురెళ్లి ఆయన కాళ్లకి నీళ్లిచ్చింది. "ఈపొద్దు గారెలు తింటానమ్మా, ఎన్నయినా పెట్టు" అన్నాడు. అన్నట్టే తిన్నాడు.

తిన్నాక బావి గట్టుమీద కూర్చున్నాడు. "పాప యాడ?" అని పిల్లని అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మూడువేళ్లతో గ్లాసు పట్టుకుని పిల్ల పెదాలకి ఆనించాడు. అది సగం తాగి సగం ఆయన చొక్కామీద పోసింది. చూస్తుంటే, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా నాకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"చిన్నాయనా, ఆ మాట నా రత్నానికి వాడొచ్చా?" అన్నాను. "ఉండాల్సిందీ, లేకపోతే బతుకు సాగనిదీ అన్నావుగా. వాడు ఉండాల్సినవాడే కదా."

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. పిల్ల మూతి తన తుండుతో తుడిచాడు.

"వద్దమ్మా" అన్నాడు. "ఎవురన్నా తెచ్చి ఇయ్యగలిగిన దానికే ఆ మాట. రత్నానికి వాడొద్దు."

నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన ఊరుకోమనలేదు. కాసేపటికి ఖాళీ గ్లాసు నావైపు చాపాడు. "ఇంకొన్ని పొయ్యి తల్లీ. పాపకి దప్పిక తీరలేదు" అన్నాడు.

కళ్లు తుడుచుకుని చేద వేశాను.